డాట్ ఏఐ వెనుక ఓ చిన్న ద్వీపం: రెండు అక్షరాలతో ఆంగ్విల్లా ఎంత సంపాదిస్తోందో తెలుసా?

ఈ మధ్య నేను టెస్ట్ చేసే ఏఐ టూల్స్‌లో చాలావాటికి అడ్రస్ చివర ఒకటే కనిపిస్తోంది: డాట్ ఏఐ. పర్‌ప్లెక్సిటీ అయినా, క్యారెక్టర్ అయినా, ఎలాన్ మస్క్ ఎక్స్ఏఐ అయినా అదే వరస. ఇక్కడ ఏఐ అంటే ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనే చాలామంది అనుకుంటారు. అసలు విషయం వేరే. మనకు డాట్ ఇన్ ఎలాగో, ఆంగ్విల్లా అనే చిన్న ద్వీపానికి డాట్ ఏఐ అలాగ.

ఎక్కడుంది ఈ ద్వీపం?

కరీబియన్‌లో, సెయింట్ మార్టిన్ ద్వీపానికి కాస్త ఉత్తరాన ఉంది. బ్రిటన్ పరిధిలోని ఓవర్సీస్ టెరిటరీ. పొడవు 26 కిలోమీటర్లు, విస్తీర్ణం సుమారు 91 చదరపు కిలోమీటర్లు. బైక్ మీద గంటలో ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లిపోవచ్చు. జనాభా 16 వేల లోపే, అంటే మన దగ్గర ఓ మేజర్ పంచాయతీ అంత. వాళ్లలో ఎక్కువమంది, ఒకప్పుడు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల వారసులు.

నేలంతా సున్నపురాయి. నదుల్లేవు, వానలు తక్కువ. అందుకే చుట్టుపక్కల ద్వీపాల్లాగా పెద్ద పెద్ద చెరకు తోటలు ఇక్కడ నిలబడలేదు. జనం చేపలు పట్టారు, ఉప్పు పండించారు, పడవలు కట్టారు. చాలామంది ఆ పడవల్లోనే డొమినికన్ రిపబ్లిక్ చెరకు పొలాలకు కూలికి వెళ్లేవారు. ఇప్పటికీ అక్కడి జాతీయ క్రీడ పడవ పందేలే!

తర్వాత లగ్జరీ టూరిజం వచ్చింది. డబ్బులు బాగానే వచ్చాయి కానీ, రిస్క్ కూడా పెద్దదే. 2017లో ఇర్మా తుపాను దెబ్బ కొట్టింది, 2020లో కోవిడ్. టూరిస్టులు ఆగితే ఆదాయమూ ఆగినట్టే.

రెండు అక్షరాల వెనుక ఓ పోరాటం

బ్రిటన్ ఈ ద్వీపాన్ని సెయింట్ కిట్స్, నెవిస్‌లతో కలిపి ఒకే పాలన కింద పెట్టింది. మమ్మల్ని పట్టించుకోవడం లేదంటూ 1967లో ఆంగ్విల్లా జనం సెయింట్ కిట్స్ పోలీసులను పంపించేశారు. రెఫరెండం పెడితే విడిపోవాలని 1,813 ఓట్లు, వద్దని 5 ఓట్లు! 1969లో బ్రిటిష్ సైనికులు దిగినా జనం వెనక్కి తగ్గలేదు. చివరికి 1980లో అధికారికంగా వేరయ్యారు.

ఆ తర్వాతే అంతర్జాతీయ కోడ్‌ల జాబితాలో వీళ్లకు ఏఐ దక్కింది. అంతకుముందు ఆ అక్షరాలు ఆఫ్రికాలోని ఇప్పటి జిబూతీవి. 1995లో డాట్ ఏఐ డొమైన్ మొదలైంది. అప్పటికి చాట్‌జీపీటీ ఊసే లేదు. వేరుగా ఉంటామని పట్టుబట్టి ఉండకపోతే ఈ అక్షరాలు వాళ్లవి అయ్యేవే కాదు.

లెక్కలు చూద్దాం

2022 చివర్లో డాట్ ఏఐ అడ్రస్‌లు సుమారు 1.44 లక్షలు. ఏడాది తిరిగేసరికి 3.5 లక్షలు దాటాయి. కనీసం రెండేళ్లకు తీసుకోవాలి కాబట్టి అప్పట్లో ఒక్కో పేరు మీద ద్వీపానికి వచ్చిన ఫీజు 140 డాలర్లు. 2023లో మొత్తం ఆదాయం సుమారు 3.2 కోట్ల డాలర్లు. అంటే ప్రభుత్వ ఆదాయంలో ఐదో వంతు కంటే ఎక్కువ. తలకు లెక్కేస్తే దాదాపు 2 వేల డాలర్లు.

మరో విషయం: ఇర్మా లాంటి తుపాను వచ్చి హోటళ్లు మూతపడినా, ఎక్కడో శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టార్టప్ తన డొమైన్ రెన్యూ చేయడం మానదు. టూరిజం ఇవ్వలేని భరోసా ఇదే.

అందరికీ ఈ అదృష్టం లేదు

డెవలపర్లకు బాగా ఇష్టమైన డాట్ ఐఓ సంగతి చూడండి. అది హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల కోడ్. డియెగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం 1960ల చివరి నుంచి 1970ల మొదటి వరకు అక్కడి జనాన్ని ఖాళీ చేయించారు. కోడ్ మిగిలింది, సొంత ఊరు పోయింది. డొమైన్ అమ్మకాల డబ్బు కూడా చాగోస్ వాసుల చేతికి రాలేదు. ఆంగ్విల్లా వాసులు తమ నేల మీదే ఉన్నారు, తమ ప్రభుత్వాన్ని తామే ఎన్నుకుంటున్నారు, కాబట్టే ఆ డబ్బు వాళ్ల ఖజానాకు చేరుతోంది.

నా వెర్డిక్ట్

ఇది చమురు బావి లాంటిది కాదు, ఫ్యాషన్ లాంటిది. రేపు స్టార్టప్‌లకు డాట్ ఏఐ మోజు తీరిపోతే రెన్యువల్స్ తగ్గుతాయి. ఇప్పుడొచ్చే డబ్బుతో అప్పులు తీర్చుకుని, ఎయిర్‌పోర్టు, స్కూళ్లు, ఆసుపత్రుల లాంటి నిలిచే పనులు చేసుకుంటేనే లాభం. ఏఐ బూమ్‌లో ఎక్కువ డబ్బు పెద్ద కంపెనీలకే పోతోంది. అందులో కొంచెమైనా ఒకప్పుడు కూలి కోసం సముద్రం దాటిన వాళ్ల మనవళ్లకు అందుతోందంటే, నాకైతే ఈ మొత్తం హడావిడిలో నచ్చిన ఫీచర్ అదే.