కంపెనీ పేరు మీద నమ్మకం ఎంతకాలం?

థీమ్ పార్కు అంటే ఏంటో తెలుసా? ఒక కథనో, ఒక కాలాన్నో తీసుకొని, దానికి తగ్గట్టు కట్టడాలు కట్టి, రంగులరాట్నాలు, జారుడుబల్లలు పెట్టి, టిక్కెట్టు మీద లోపలికి పంపే చోటు. ప్రపంచంలో బాగా పేరున్నది డిస్నీల్యాండ్. 1955లో అమెరికాలో మొదలైంది. కట్టించిన వాల్ట్ డిస్నీ 1966లో చనిపోయినా అది ఇప్పటికీ నడుస్తోంది. చిన్నప్పుడు చూసినవాళ్లు పెద్దయ్యాక తమ పిల్లల్ని తీసుకుపోతారు. దీన్నే బ్రాండు మీద నమ్మకం అంటారు.

బ్రాండు అంటే మొదట కాల్చి వేసే గుర్తు. ఎవరి పశువో తెలియడానికి వాత పెడతారు కదా, అదే. తర్వాత కంపెనీ పేరుకి ఆ మాట వచ్చింది. మన వైపు మిరప, పత్తి రైతులు కూడా పోయినేడు బాగా కాసిన విత్తనాల ప్యాకెట్టు పేరే మళ్లీ కొట్లో అడుగుతారు. వాళ్లు పంట చూశాక నమ్మారు.

చూడకముందే నమ్మితే ఏమవుతుంది? దానికి మన గుంటూరు జిల్లాలోనే ఉదాహరణ ఉంది. మంగళగిరి దగ్గర చినకాకానిలో, పెద్ద రోడ్డు పక్కన, బౌద్ధుల కాలాన్ని గుర్తు చేసేలా హాయ్‌ల్యాండ్ అనే పార్కు కట్టారు. అది అగ్రిగోల్డ్ గ్రూపుది. ఆ కంపెనీ ఏజెంట్లు ఊరూరా తిరిగి డిపాజిట్లు కట్టించుకున్నారు. గడువు అయ్యాక స్థలం గానీ, ఎక్కువ డబ్బు గానీ ఇస్తామన్నారు. అంత పెద్ద పార్కు కళ్ల ముందు కనపడుతుంటే కంపెనీ ఎక్కడికి పోతుందిలే అనిపిస్తుంది కదా!

గడువు అయినా డబ్బులు రాలేదు. 2015లో కేసులు పెట్టారు. సుమారు 32 లక్షల మంది, 6,380 కోట్ల రూపాయలు అని లెక్క తేలింది. నేను భాగించి చూశాను. సగటున మనిషికి దాదాపు 20 వేలు. రోజు కూలి 400 అనుకుంటే అది 50 రోజుల మిరప కోత. 2019 నవంబరులో గుంటూరులో, పదివేల లోపు కట్టినవాళ్లకి రాష్ట్ర ప్రభుత్వమే డబ్బులు ఇవ్వడం మొదలుపెట్టింది. 2020 డిసెంబరులో కేంద్ర అధికారులు జప్తు చేసిన ఆస్తుల్లో హాయ్‌ల్యాండ్ కూడా ఉంది.

మరి ముందు ముందు పార్కులు ఉంటాయా? ఉంటాయనే నేను అనుకుంటున్నాను. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, 2016లో హైదరాబాదులో వండర్‌లా వచ్చాయి. చూసినవాళ్లు మళ్లీ రావాలి, ఆ డబ్బుతో యంత్రాలు బాగు చేయిస్తుండాలి. అప్పుడే పార్కు నిలుస్తుంది. టిక్కెట్టు కొంటే ఆట ఆ రోజే దొరుకుతుంది. నచ్చకపోతే మళ్లీ పోము, అంతే. డిపాజిట్ అట్లా కాదు. మంచిదో కాదో ఏళ్లు గడిచాక గానీ తెలియదు. అందుకని పార్కు అందం చూసి డబ్బు కట్టకూడదు. రిజర్వు బ్యాంకు, సెబీ అనుమతి ఉందో లేదో అడగాలి.

మనలో చాలామంది ఇళ్లల్లో కాగితం చదవగలిగేది మనమే. సెలవులకి పోయినప్పుడు అమ్మానాన్నలు దాచిన రసీదులు, బాండ్లు తీసి చదివి చెప్పండి. వేలిముద్ర వెయ్యకముందే చదవాలి.

— 9వ తరగతి విద్యార్థిని