ఆటల కార్డెందుకు.. బొమ్మ బాగుంటే చాలు!

గోడ మీదికి కొత్త 4కే టీవీ వచ్చింది. అబ్బాయి ఇంజినీరింగ్ చదివేటప్పుడు కొన్న కంప్యూటర్ మూలన పడి ఉంది. బీరువాలో పెళ్లి సీడీలు, హార్డ్‌డిస్కులో పాత సినిమాలు.. అన్నీ కలిపితే ఇల్లే సినిమా హాలు కదా! హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, షోలాపూర్, బరంపురం, యానాంలలోనైనా చాలా తెలుగిళ్లలో వచ్చే ఆలోచనే ఇది. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదివే పిల్లల చెవిన ఇంత తెలుగు పడేది అమ్మమ్మ మాటల్లో, ఆ తర్వాత సినిమాల్లోనే మరి.

'మంచి గ్రాఫిక్స్ కార్డు వేస్తే సరి' అని ఎవరో చెబుతారు. ఇంకేం.. బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, చెన్నై రిచీ స్ట్రీట్‌కో, ముంబయి లామింగ్టన్ రోడ్డుకో బయల్దేరతారు. దుకాణంలో మొదటి ప్రశ్న 'ఏం గేములు ఆడతారు?' అని. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. సినిమా చూడటానికి కావాల్సిన కార్డు వేరు, ఆటలాడే కార్డు వేరు. ఈ తేడా తెలియకపోతే వేలకు వేలు పోసినా తెర మీద బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది.

అసలు కార్డు అవసరమా?

ముందు ఇంట్లో ఉన్న ప్రాసెసర్ ఏదో చూసుకోవాలి. చాలా ప్రాసెసర్లలో బొమ్మ చూపించే చిప్ లోపలే ఉంటుంది. ఇంటెల్‌లో 2017 నాటి ఏడో తరం నుంచి 4కే సినిమాలకు వాడే హెచ్‌ఈవీసీ ఫైళ్లను ఈ చిప్పే విప్పుతుంది. డెస్క్‌టాప్‌లలో 2021 నాటి పదకొండో తరానికి ఏవీ1 కూడా తోడైంది. అయితే పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ చిప్ పనిచేయదు. వాటికి కార్డు తప్పదు. ఇంట్లో ఉన్నది మామూలు ఫుల్ హెచ్‌డీ టీవీ, చూసేవి పాత సినిమాలైతే నాలుగో తరం కంప్యూటర్ అయినా చాలు. పైసా ఖర్చు లేదు.

ఓటీటీలు మాత్రమే చూసేవారికి అసలు కంప్యూటరే అక్కర్లేదు. టీవీలోని యాప్ చాలు. పైగా కంప్యూటర్‌లో ఓటీటీని 4కేలో చూడాలంటే కార్డు నుంచి టీవీ దాకా హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ ఉండాలి, ఆ సంస్థ ఒప్పుకొన్న బ్రౌజరో, యాపో ఉండాలి. ఒక్క కార్డు మార్చినంత మాత్రాన అది రాదు. సొంత సీడీలు, డీవీడీలు, హార్డ్‌డిస్కు సినిమాలు ఉన్నవారికే ఈ కంప్యూటర్‌తో అసలు పని.

మూట విప్పే పని

సినిమా ఫైలంటే గట్టిగా కట్టిన మూట. దాన్ని విప్పితేనే బొమ్మ. 2003లో వచ్చిన హెచ్.264 పాత పద్ధతి. 2013లో హెచ్‌ఈవీసీ, 2018లో ఏవీ1 వచ్చాయి. మూట ఎంత బిగువుగా ఉంటే ఫైలు అంత చిన్నదవుతుంది, విప్పడం అంత కష్టమవుతుంది. కార్డులో దానికోసమే పెట్టిన భాగం ఉంటే చిటికెలో పని అయిపోతుంది. లేకపోతే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఫ్యాన్ హోరెత్తుతుంది, మాట ముందు, బొమ్మ వెనక అవుతుంది. యూట్యూబ్‌లో 4కే వీడియోలు వీపీ9, ఏవీ1 పద్ధతుల్లోనే వస్తాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

డబ్బా మీద 2జీబీ, 4జీబీ అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. సినిమాకు ఆ అంకెతో పెద్దగా పనిలేదు. ఉదాహరణకు జీటీ 710 చిన్నది, చవకది, ఫ్యాన్ లేని రకమూ ఉంది. చూడ్డానికి ఇంటి థియేటర్ కోసమే పుట్టినట్టుంటుంది. కానీ అది హెచ్‌ఈవీసీ మూట విప్పలేదు. 4కే బొమ్మనూ సెకనుకు 30 సార్లకు మించి పంపలేదు. పైగా ఆ తరం కార్డులకు మామూలు డ్రైవర్లు 2021లోనే ఆగిపోయాయి.

తీగ దగ్గర తిరకాసు

హెచ్‌డీఎంఐ అంటే అన్నీ ఒకటే అనుకుంటాం. కాదు. 1.4 రకమైతే 4కే బొమ్మ సెకనుకు 30 సార్లే మారుతుంది. 2.0 అయితే 60 సార్లు. సినిమా తీసేదే సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి 1.4తోనూ నడిచిపోతుంది. క్రికెట్ దగ్గరే తేడా తెలుస్తుంది. బంతి గెంతినట్టు కనిపిస్తుంది, మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది. ఏడో తరం బోర్డుల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ 1.4నే ఉంటుంది. ఆ బోర్డుకు డిస్‌ప్లేపోర్ట్ ఉంటే హెచ్‌డీఎంఐ 2.0 యాక్టివ్ అడాప్టర్‌తో సరిపెట్టుకోవచ్చు. కార్డు ఖర్చు మిగిలినట్టే.

చప్పుడు, చోటు, కరెంటు

పాత పాట మెల్లగా సాగుతుంటే పక్కన ఫ్యాన్ గర్జిస్తే ఏం బాగుంటుంది? ఫ్యాన్ లేనిదో, నిదానంగా తిరిగేదో ఎంచుకోవాలి. క్యాబినెట్ సన్నదైతే 'లో ప్రొఫైల్' కార్డే పడుతుంది. చిన్న పట్టీ కూడా డబ్బాలో ఉందో లేదో అక్కడే చూసుకోవాలి. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకు అందేది గరిష్ఠంగా 75 వాట్లు. అంతలోపు కార్డైతే విడిగా కరెంటు తీగ అవసరం ఉండదు, పాత ఎస్‌ఎంపీఎస్‌తోనే బండి నడుస్తుంది. పెద్ద కార్డు కొంటే ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చక తప్పదు.

ఏది ఎవరికి?

2017లో వచ్చిన జీటీ 1030కి 30 వాట్లు చాలు. హెచ్‌ఈవీసీ, వీపీ9 విప్పుతుంది, హెచ్‌డీఎంఐ 2.0 ఉంది. ఏవీ1 మాత్రం రాదు. 2022 నాటి ఆర్‌ఎక్స్ 6400 దీనికన్నా కొత్తదే అయినా దానికీ ఏవీ1 రాదు. కొత్తదల్లా మేలని అనుకోకూడదనడానికి ఇదే నిదర్శనం. ఏవీ1 కావాలంటే ఇంటెల్ ఆర్క్ ఏ310 ఉంది. అయితే బాగా పాత బయాస్ ఉన్న బోర్డుల్లో అది మొరాయించొచ్చు. 2024లో వచ్చిన 6జీబీ ఆర్‌టీఎక్స్ 3050 డెబ్బై వాట్లలో ఏవీ1తో పాటు హెచ్‌డీఎంఐ 2.1 ఇస్తుంది. పిల్లలు ఆటలు కూడా ఆడతారంటేనే దాని జోలికి వెళ్లాలి.

పెళ్లి సీడీ పరీక్ష

కార్డు బిగించాక చేయాల్సింది ఇంకొంత ఉంది. పాత పెళ్లి వీసీడీ బొమ్మ 352 x 288 చుక్కలే. డీవీడీ అయితే 720 x 576. దాన్ని 3840 x 2160 తెర మీద పరిస్తే కొంత మసక తప్పదు. ఏ కార్డూ లేని వివరాన్ని పుట్టించలేదు. కానీ తలంబ్రాలు పోసే చేతుల చుట్టూ దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే అది బాగుచేయదగ్గ లోపమే. అప్పటి కెమెరాలు ఒక్కో బొమ్మను సరి గీతలు, బేసి గీతలుగా రెండు సగాలు చేసి తీసేవి. ప్లేయర్‌లో 'డీఇంటర్‌లేస్' ఆన్ చేస్తే ఆ సగాలు సర్దుకుంటాయి. నలుపు బూడిదరంగుగా కనిపించినా, చీకటి సీన్లో ఏమీ కనిపించకపోయినా కార్డును తిట్టొద్దు. కార్డు సెట్టింగుల్లో రంగుల పరిధి 'ఫుల్', 'లిమిటెడ్'లలో టీవీకి సరిపోయేది పెట్టాలి. సినిమా వేసినప్పుడు తెర వేగాన్ని 24కు మారిస్తే కెమెరా పక్కకు తిరిగేటప్పుడు వచ్చే కుదుపు పోతుంది.

దుకాణానికి వెళ్లేటప్పుడు ఓ చీటీ మీద నాలుగు ముక్కలు రాసుకోండి.. టీవీ 4కేనా కాదా, ప్రాసెసర్ ఏ తరం, క్యాబినెట్ వెడల్పెంత, ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లు. పెన్‌డ్రైవ్‌లో మీ ఇంటి సినిమా ఒకటి, పెళ్లి వీడియో ఒకటి వేసుకెళ్లండి. 'ఏం గేములు ఆడతారు?' అని అడిగితే ఆ పెన్‌డ్రైవ్ చేతికిచ్చి 'ఇది ఆడించి చూపించండి' అనండి. ఆడితేనే డబ్బులు తీయండి!