ఏజెంటుకు డబ్బు ఎవరిస్తున్నారు?

ఏజెంటును నమ్మాలా వద్దా అన్నది జగిత్యాల, కోరుట్ల, గొల్లపల్లి వైపు ఊళ్లకు పాత ప్రశ్న. గల్ఫ్ వీసాల నాటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం మనుషులను విదేశీ కొలువులకు పంపేవాళ్లకు కేంద్రం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. కార్మికుడి దగ్గర 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. అయినా మోసాలు ఆగలేదు. ఊళ్లో మనతో మాట్లాడేది చాలాసార్లు లైసెన్సు ఉన్న సంస్థ కాదు, దాని పేరు చెప్పుకుని తిరిగే మధ్యవర్తి. అతనికి ఇటునుంచీ డబ్బే, అటునుంచీ డబ్బే.

మనుషులను పంపే ఏజెంటు సంగతి ఇదైతే, విదేశాల నుంచి సరుకు తెప్పించే ఏజెంటు విషయంలో ఆపాటి రక్షణ కూడా లేదు. ఓడరేవులో సరుకు విడిపించే కస్టమ్స్ బ్రోకరుకు లైసెన్సు తప్పనిసరి. చైనాలో ఫ్యాక్టరీ వెతికి, బేరమాడి, సరుకు చూసి పంపిస్తానని చెప్పే సోర్సింగ్ ఏజెంటుకు అలాంటిదేమీ అక్కర్లేదు. ఫోనూ, విజిటింగ్ కార్డూ ఉంటే సరిపోతుంది. దుబాయ్‌లో పనిచేస్తూ అక్కడి డ్రాగన్ మార్ట్‌లో చైనా సరుకు ధరలు చూసి, ఊరికొచ్చి లైట్ల దుకాణం పెట్టాలనుకునే యువకుడైనా, పాత మరమగ్గాలు తీసేసి రేపియర్ మగ్గాలు దింపాలనుకునే సిరిసిల్ల ఆసామి అయినా ముందు ఎదుర్కొనేది ఈ మనిషినే.

అతన్ని అడగాల్సిన మొదటి మాట: నీకు డబ్బు ఎవరిస్తున్నారు?

మీ దగ్గర ఇంత శాతమని కమీషన్ తీసుకునే ఏజెంటే ఫ్యాక్టరీ దగ్గర కూడా చాటుగా తీసుకోవచ్చు. మగ్గం ధర వంద అనుకుందాం. ఫ్యాక్టరీ మీకు నూట పది అని రాసి, ఆ పది అతనికి ఇస్తుంది. చాలామంది ఆ పది రూపాయల గురించే బాధపడతారు. నా దృష్టిలో అసలు నష్టం అది కాదు. సరుకు తయారయ్యాక అది బాగుందో లేదో చూసి చెప్పాల్సింది కూడా అతనే. తనకు డబ్బిచ్చిన ఫ్యాక్టరీ సరుకును బాగాలేదని అతను ఎలా చెబుతాడు? మీ తరఫున ఉండాల్సిన కళ్లు అక్కడే మూతపడతాయి.

అందుకే ఫ్యాక్టరీ డబ్బు ఫ్యాక్టరీకి, ఏజెంటు డబ్బు ఏజెంటుకు విడివిడిగా వెళ్లాలి. ప్రొఫార్మా ఇన్‌వాయిస్ ఫ్యాక్టరీ పేరు మీదే ఉండాలి, బ్యాంకు ఖాతా కూడా అదే పేరు మీద ఉండాలి. చైనాలో నమోదైన ప్రతి కంపెనీకీ అక్షరాలు, అంకెలు కలిపి 18 ఉండే ఒకే గుర్తింపు కోడ్ ఉంటుంది. అది వాళ్ల వ్యాపార లైసెన్సు మీద అచ్చువేసి ఉంటుంది, అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. చైనా భాష రాకపోయినా ఫోనులోని అనువాదం చాలు. ఆ కంపెనీ తయారు చేస్తుందా, కొని అమ్ముతుందా అన్నది కూడా అందులో కొంతవరకు తెలుస్తుంది. ఫ్యాక్టరీ పేరు చెప్పనంటే అతను ఏజెంటు కాడు, వ్యాపారి. అందులో తప్పేమీ లేదు, కానీ అప్పుడు సరుకు పూచీ కూడా తనదేనని రాసివ్వాలి.

మన చట్టం ఈ విషయంలో గట్టిదే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 213వ సెక్షన్ ప్రకారం అడిగినప్పుడు ఏజెంటు లెక్క చెప్పి తీరాలి. 216వ సెక్షన్ ప్రకారం మీకు తెలియకుండా మీ పనిలో సొంత వ్యాపారం చేసుకుంటే ఆ లాభం మీరు అడగవచ్చు. ఒప్పందం కాగితం మీద ఉంటే వీటిని రుజువు చేసుకోవడం సులువు. ఫ్యాక్టరీ నుంచి ఏ రూపంలోనూ డబ్బు తీసుకోనన్న వాక్యం అందులో ఉండాలని పట్టుబట్టండి. ఆ వాక్యం దగ్గర ఎవరు నసుగుతారో చూడండి.

ఇక ఇన్‌వాయిస్‌లో ధర తగ్గించి చూపిస్తాను, మిగతాది హవాలాలో పంపండి, సుంకం మిగులుతుంది అనే ఏజెంటు. అతనితో మాట అక్కడితో ఆపేయాలి. కస్టమ్స్ చట్టం కింద జవాబు చెప్పుకోవాల్సింది దిగుమతిదారు. దిగుమతి కోడ్ మీ పాన్ నంబరుతోనే ఉంటుంది. మరో చిక్కు కూడా ఉంది. పది లక్షల మగ్గానికి ఆరు లక్షలని కాగితం ఉంటే, రేపు అది పనిచేయకపోతే మీరు అడగగలిగేది ఆ ఆరు లక్షలే. మిగతా నాలుగుకు సాక్ష్యం ఉండదు.

పని తెలిసిన ఏజెంటు మీకంటే ముందే నిబంధనల మాట ఎత్తుతాడు. ఉదాహరణకు బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. అది వేయాలంటే చైనా ఫ్యాక్టరీకే మన బీఐఎస్ లైసెన్సు ఉండాలి. ఈ సంగతి ఎత్తకుండా బొమ్మల ఫొటోలు పంపుతున్నాడంటే, సరుకు రేవులో ఆగిపోతే అతనికి పట్టదన్నమాట.

సాధారణంగా అడ్వాన్సు 30 శాతం, మిగతా 70 శాతం ఓడ ఎక్కేముందు అడుగుతారు. ఆ 70 చెల్లించకముందే ఎస్‌జీఎస్, బ్యూరో వెరిటాస్ లాంటి తనిఖీ సంస్థను మీ ఖర్చుతో మీరే పంపాలి, ఏజెంటు చెప్పినవాళ్లను కాదు. మగ్గమైతే మీరు నేసే నూలు పంపి, దానిమీదే నడిపించి, నిమిషానికి ఎన్ని పిక్‌లు (అడ్డ పోగులు) పడుతున్నాయో, ఎంతసేపటికోసారి ఆగుతోందో రాయించుకోవాలి. ఖాళీగా తిరిగే మగ్గం వీడియో దేనికీ పనికిరాదు. చివరి నిమిషంలో బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే, పాత నంబరుకు ఫోన్ చేసి మాట్లాడాకే పైసలు పంపాలి.

పాత కస్టమర్ల పేర్లు అడిగితే ఏజెంటు సంతోషంగా ఉన్నవాళ్లనే చూపిస్తాడు. సరుకు చెడిపోయి వచ్చిన కస్టమరు పేరు అడగండి, అప్పుడు ఏజెంటు ఏం చేశాడో ఆ మనిషి నోటనే వినండి. సిరిసిల్ల నేతగాళ్లకు ఇందులో ఒక బలం ఉంది. భీవండి, షోలాపూర్, సూరత్‌లలో తరాలుగా మగ్గాలు నడుపుతున్న తెలుగువాళ్లలో చాలామంది వాళ్ల బంధువులే. ఏ మగ్గానికి రెండో ఏడాది ఎలక్ట్రానిక్ కార్డు కాలిపోతుందో, ఏ ఏజెంటు మళ్లీ ఫోన్ ఎత్తుతాడో వాళ్లకు తెలుసు.

కొనేది ఒకటి రెండు మగ్గాలే అయితే ఈ తంతు అంతా అనవసరమని నా అభిప్రాయం. సూరత్‌లో డీలరు దగ్గర కొంత ఎక్కువకే కొన్నా జీఎస్టీ బిల్లు ఉంటుంది, విడిభాగాలు దొరుకుతాయి, చెడిపోతే మెకానిక్ రైలెక్కి వస్తాడు.