నారుమడి నేర్పే పాఠం

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల రైతు నాట్లనాడు నారుకై వెదకడు; ముందుగానే నారుమడి పోసి ఉంచుతాడు. ఏటేటా వానలతోపాటు విజృంభించే ఫ్లూ జ్వరం విషయంలోను ఈ ముందుచూపే కావలెను. సుద్దముక్క పట్టుటకు వ్రేళ్ళు సహకరించని కీళ్ళవాత పీడితుడైన ఉపాధ్యాయునికి ఇది మరీ అవసరం.

ఈ వ్యాధిలో దేహరక్షణ శక్తి దారి తప్పి తన కీళ్ళపైనే దండెత్తుతుంది. దానిని అణచే మెథోట్రెక్సేట్, 1895లో భీమవరాన జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల ఫలం. అయితే వ్యాధిని అణచే ఆ మందే టీకా ఫలితాన్ని కూడ కొంత తగ్గిస్తుంది.

అట్లని టీకా మానుట వివేకం కాదు. సూదితో వేసే ఫ్లూ టీకాలో సజీవ వైరస్ ఉండదు; దానివల్ల ఫ్లూ రాదు. ముక్కులో చల్లే సజీవ టీకా మాత్రం ఇట్టివారికి తగదు. వ్యాధి అదుపులో ఉన్నవారు ఫ్లూ టీకా తరువాత రెండు వారాలు మెథోట్రెక్సేట్ నిలుపవచ్చునని అమెరికా కీళ్ళవ్యాధి వైద్యుల సంఘం 2022లో సూచించింది. నిలుపుటయా, మానుటయా అన్నది వైద్యుడు తేల్చవలసిన మాట. రోగి స్వయంగా పూనుకోరాదు.

టీకా బలం దేహంలో కుదురుకొనుటకు సుమారు రెండు వారాలు పడుతుంది. కనుక ఆ సంప్రదింపు వేసవి సెలవులలోనే జరిగితే, బడి తెరిచేనాటికి రక్షణ సిద్ధంగా ఉంటుంది.