రేకు మీద అక్షరం

తిరుపతి: తిరుమల కొండపై తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులపై చెక్కించారు. ఆయన 1503లో కాలం చేసిన సంగతి మొదటి రేకే చెబుతుంది. నేటికీ ఆ పాటలను రేకు నెంబరుతోనే గుర్తిస్తారు.

కొండ కింద ఊళ్లలో రేకుది మరో కథ. టీకొట్టుకైనా, సైకిల్ షాపుకైనా బోర్డు కావాలంటే ఒకప్పుడు ఆర్టిస్టే దిక్కు. ఇనుపరేకుకు రెడాక్సైడ్ పూసి, ఆరాక ఎనామిల్ వేసి, సుద్ద రాసిన దారంతో గీత కొట్టి, అప్పుడు కుంచె పట్టాలి. ఒత్తులకు చోటు ముందే లెక్కగట్టాలి. 'లక్ష్మీ స్టోర్స్' రాయమంటే కొత్త కుర్రాడి పని క్ష్మీ దగ్గరే తేలిపోయేది!

అమెరికాలో జేమ్స్ రోజెన్‌క్విస్ట్ కూడా న్యూయార్క్‌లో ప్రకటన బోర్డులు వేసి బతికినవాడే. 1960 తర్వాత 'పాప్ ఆర్ట్' చిత్రకారుడిగా పేరు పొందాడు. రాబర్ట్ ఇండియానా ఇంగ్లీషులో నాలుగక్షరాల 'లవ్' మాటనే బొమ్మగా వేస్తే, 1973లో అక్కడ తపాలా బిళ్లగా వచ్చింది. ఇలాంటి అక్షరాల బొమ్మలు ఇప్పుడు అల్యూమినియం రేకులపై అచ్చయి ఇంటి గోడలకెక్కుతున్నాయి.

మన ఆర్టిస్టుల పొట్ట మాత్రం ఫ్లెక్సీ కొట్టింది. ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. గుడ్డ బ్యానర్లు వాడమన్నారు. ఆ గుడ్డా యంత్రంలోకే పోతుంది. కుంచెకు మిగిలినవి లారీల వెనుక రాతలు, బడి గోడల మీద సూక్తులు.