“మరణిస్తున్న నగరం” అన్న మాటకు కలకత్తా చెప్పిన జవాబులు

12.1 పరిచయం

గత యూనిట్‌లో నగరాలు ఎలా పెరుగుతాయో చదివారు. నగరాలు ఎలా క్షీణిస్తాయో, ఆ క్షీణతను బయటివారు ఎత్తిచూపినప్పుడు అక్కడ నివసించేవారు ఎలా స్పందిస్తారో ఈ యూనిట్‌లో తెలుసుకుంటారు. ఉదాహరణగా కలకత్తాను తీసుకున్నాం. మన దేశంలో ఇంతకాలం, ఇంతమంది చేత మాటలు పడిన నగరం బహుశా మరొకటి లేదు.

పాఠంలోకి వెళ్లే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఊరి గురించి మీరే తరచుగా చేసే ఫిర్యాదు ఒకటి కాగితం మీద రాయండి. మురుగు కాలువ కావచ్చు, మూతపడిన మిల్లు కావచ్చు. అదే ఫిర్యాదును మీ ఊరిని ఒక్క రోజు చూసిన కొత్త మనిషి ఎవరో, బస్సులో మీ పక్కన కూర్చుని, నవ్వుతూ అన్నాడనుకోండి. మీకు వెంటనే ఏమనిపిస్తుందో దాని కింద రాయండి. ఆ కాగితం దాచుకోండి. 12.4లో దానితో పని ఉంది.

12.2 క్షీణత నిజమేనా?

స్పందనల గురించి మాట్లాడే ముందు అసలు విషయం చూడాలి. విమర్శ చేసినవాడు బయటివాడైనంత మాత్రాన విమర్శ అబద్ధం కాదు.

1911 డిసెంబరులో బ్రిటిష్ ప్రభుత్వం రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్లు ప్రకటించింది. అధికారం పోయినా వ్యాపారం మిగిలింది. 1943 కరవు, 1946 మతకల్లోలాలు నగరాన్ని కుదిపేశాయి. 1947లో అంతకంటే లోతైన దెబ్బ తగిలింది. జూట్ మిల్లులు హుగ్లీ నది గట్ల మీద భారతదేశంలో ఉండిపోయాయి. మేలైన జూట్ పండే పొలాలు తూర్పు పాకిస్తాన్‌లోకి వెళ్లిపోయాయి. ఉత్తరాంధ్ర ప్రాంతం నుంచి తరతరాలుగా ఆ మిల్లుల్లో పనికి వెళ్లిన తెలుగు కుటుంబాలకు ఇది పాఠ్యపుస్తకంలోని విషయం కాదు, ఇంటి కథ. సరిహద్దు దాటి వచ్చిన శరణార్థులు సియాల్దా స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద సంసారాలు చేశారు. 1971లో మరోసారి అదే వెల్లువ.

1950లలో కేంద్రం రవాణా ఛార్జీల సమీకరణ విధానం తెచ్చింది. దీని ప్రకారం ఉక్కు వంటి సరుకులు దేశమంతటా ఒకే ధరకు దొరకాలి. గనుల నుంచి ఫ్యాక్టరీకి ఉన్న దూరం లెక్కలోకి రాకుండా పోయింది. గనులకు దగ్గరగా ఉండటమే బలమైన తూర్పు ప్రాంతం ఆ బలాన్ని కోల్పోయింది. ఈ విధానం 1990ల ఆరంభం వరకు కొనసాగింది. 1967 తర్వాత ఘెరావ్‌లు, సమ్మెలు, లాకౌట్లు, నక్సలైట్ ఉద్యమం, దానిపై అణచివేత వరుసగా వచ్చాయి. అనేక కంపెనీలు ప్రధాన కార్యాలయాలను బొంబాయికి, ఢిల్లీకి తరలించాయి. 1970లు, 80లలో గంటల తరబడి లోడ్‌షెడ్డింగ్ ఉండేది.

కాబట్టి క్షీణత నిజం. అయితే దానికి కారణాలు ఒకటి కాదు. కొన్ని బయట పుట్టినవి, కొన్ని ఇంట్లో పుట్టినవి. బయటి విమర్శకులు ఇంట్లోవాటినే చూశారు. నగరవాసులు బయటివాటినే చెప్పుకొచ్చారు. తర్వాతి గొడవంతా దాదాపుగా ఇక్కడి నుంచే వచ్చింది.

12.3 మాట పడటం, మాట తిప్పికొట్టడం

1888లోనే కిప్లింగ్ కలకత్తా మీద రాసిన వ్యాసాలకు ‘భయానక రాత్రి నగరం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అప్పటికి అది సామ్రాజ్య రాజధాని, క్షీణించిన నగరం కాదు. అంటే వర్ణన ముందే తయారైంది, క్షీణత తర్వాత వచ్చి దానిలో ఇమిడింది. 1969లో ఫ్రెంచి దర్శకుడు లూయీ మాల్ ‘కలకత్తా’ అనే డాక్యుమెంటరీ తీశాడు. అతను భారతదేశం గురించి తీసిన చిత్రాలను బీబీసీ ప్రసారం చేసినందుకు మన ప్రభుత్వం ఎంత ఆగ్రహించిందంటే, 1970లో ఢిల్లీలోని బీబీసీ కార్యాలయం మూతపడింది.

అన్నిటికంటే లోతుగా గుచ్చుకున్నది విదేశీయుడి మాట కాదు. 1985లో ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ కలకత్తాను మరణిస్తున్న నగరం అన్నారు. దేశ ప్రధాని నోటి నుంచి వచ్చేసరికి అది వ్యాఖ్యలా కాక, పెద్ద డాక్టరు చెప్పిన మరణ నిర్ధారణలా వినిపించింది.

జవాబులు రెండు రకాలుగా వచ్చాయి. మొదటిది లెక్క అప్పజెప్పడం. 1984 అక్టోబరులో దేశంలోనే మొదటి మెట్రో రైలు ఎస్ప్లనేడ్, భవానీపూర్ స్టేషన్ల మధ్య నడిచింది కలకత్తాలోనే కదా? 1976లో మొదలైన పుస్తక ప్రదర్శనకు ఏటా జనం పోటెత్తుతున్నారు కదా? చచ్చిపోతున్నవాడు పుస్తకాలు కొంటాడా? రెండవ రకం జవాబు ఎదురు ప్రశ్న: ఈ స్థితికి తెచ్చిందెవరు? రవాణా ఛార్జీల విధానం ఢిల్లీది. శరణార్థులకు చాలినంత సాయం చేయనిది ఢిల్లీ. గాయం చేసినవాడే రక్తం కారుతోందని వెక్కిరిస్తే ఎలా?

ఈ రెండవ జవాబులో న్యాయం చాలా ఉంది. అయినా ఒక ఇబ్బంది ఉంది. 1977 నుంచి 2011 వరకు రాష్ట్రంలో వామపక్ష ప్రభుత్వమే అధికారంలో ఉండేది. కేంద్రం వివక్ష అనే నిజం ఇక్కడి లోపాలన్నింటి మీదా కప్పే దుప్పటిగా కూడా పనికొచ్చింది.

12.4 మనవాడు అంటే ఒకటి, పరాయివాడు అంటే మరొకటి

ఇప్పుడు మీ కాగితం తీయండి. ఫిర్యాదు ఒకటే అయినా రెండవ వాక్యంలో కోపం ఉంటే ఆశ్చర్యపోకండి. ఆస్ట్రేలియా సామాజిక మనోవైజ్ఞానికుడు మాథ్యూ హార్న్సే, అతని సహచరులు 2002లో ప్రచురించిన పరిశోధనలో సరిగ్గా దీనినే పరిశీలించారు. ఒకే విమర్శను సమూహంలోని వ్యక్తి చేసినప్పుడు జనం సహిస్తారు. బయటి వ్యక్తి చేసినప్పుడు సహించరు. తేడా విమర్శ ఉద్దేశం గురించి మనం ఊహించుకునే దానిలో ఉంది. మనవాడు బాగుకోరి అన్నాడనుకుంటాం, పరాయివాడు కించపరచడానికి అన్నాడనుకుంటాం. మానవశాస్త్రవేత్త మైకేల్ హెర్జ్‌ఫెల్డ్ దీనిని మరో వైపు నుంచి చూశాడు. ఒక సమాజం లోపల నవ్వుకునే లోపాలే ఆ సమాజాన్ని కలిపి ఉంచుతాయనీ, అవే బయటపడితే సిగ్గు అవుతాయనీ అతని వాదన. దీనిని అతను సాంస్కృతిక సాన్నిహిత్యం అన్నాడు.

కలకత్తాలో దీనికి చక్కని రుజువు సినిమాల్లో దొరుకుతుంది. సత్యజిత్ రాయ్ తీసిన ‘ప్రతిద్వంది’లో నిరుద్యోగ యువకుడు ఇంటర్వ్యూల చుట్టూ తిరిగి చివరకు నగరం వదిలి వెళ్లిపోతాడు. ‘జన అరణ్య’లో చదువుకున్న కుర్రవాడు దళారీగా మారి దిగజారతాడు. మృణాల్ సేన్ ‘కలకత్తా 71’ ఆకలిని మొహం మీద కొట్టినట్లు చూపింది. ఇవి లూయీ మాల్ చిత్రం కంటే మెత్తనివేమీ కావు. కానీ వీటిని నగరం తన సొంత గొంతుగా గౌరవించింది. 1980లో రాజ్యసభ సభ్యురాలు, నటి నర్గీస్, రాయ్ దేశ పేదరికాన్ని విదేశాలకు అమ్ముతున్నారని విమర్శించినప్పుడు ఆయన పక్షాన నిలిచినవారిలో బెంగాలీ మేధావులు ముందున్నారు. కొన్నేళ్ల తర్వాత అదే ఆరోపణను వారిలో కొందరు విదేశీయుల మీద చేశారు. ఇది కపటమని కొట్టిపారేయకండి. ఎవరికి మాట్లాడే హక్కు ఉంది అన్న ప్రశ్న, ఏది నిజం అన్న ప్రశ్న వేర్వేరు. వాదన వేడెక్కినప్పుడు ఈ రెండూ కలిసిపోతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ కాగితంలోని రెండు వాక్యాల మధ్య తేడాను హార్న్సే వివరణ సహాయంతో ఐదు వాక్యాలలో రాయండి.

12.5 ‘సిటీ ఆఫ్ జాయ్’

1985లోనే ఫ్రెంచి రచయిత డొమినిక్ లాపియర్ నవల ‘సిటీ ఆఫ్ జాయ్’ వెలువడింది. కథ నడిచే బస్తీకి ఆధారం పిల్ఖానా. అది అసలు కలకత్తాలో లేదు, నదికి అవతల హౌరాలో ఉంది. పుస్తకం ప్రపంచమంతటా అమ్ముడుపోయింది. లాపియర్ తన రాబడిలో పెద్ద భాగం అక్కడి సేవా కార్యక్రమాలకే ఇచ్చాడు. నగరంలోని చదువుకున్న వర్గాల కోపం మాత్రం తగ్గలేదు. కుష్ఠు, రిక్షా, మురికి తప్ప కలకత్తాలో ఇంకేమీ లేదా అని వారి ప్రశ్న.

1991లో రోలాండ్ జోఫే దీనిని సినిమాగా తీయడానికి వచ్చినప్పుడు గొడవ వీధికెక్కింది. నిరసన ప్రదర్శనలు జరిగాయి, షూటింగ్ స్థలం మీద నాటుబాంబులు విసిరారు, వివాదం కోర్టుకెళ్లింది. ఓంపురి, షబానా అజ్మీ నటించిన ఆ సినిమా 1992లో విడుదలైంది.

ఆ తర్వాత జరిగింది ఎవరూ ఊహించనిది. ‘సిటీ ఆఫ్ జాయ్’ అన్న మాట మెల్లగా నగరానికి ముద్దుపేరయింది. ఈనాడు పర్యాటక ప్రకటనల్లో, పత్రికా శీర్షికల్లో, దుర్గాపూజ రోజుల ముచ్చట్లలో అది గర్వంగా వినిపిస్తుంది. అది ఒక మురికివాడకు పెట్టిన పేరని చాలామందికి గుర్తులేదు. 2008లో లాపియర్‌కు పద్మభూషణ్ లభించింది. నిందగా వచ్చిన పేరును తమదిగా చేసుకుని దాని అర్థాన్నే మార్చడం కూడా ఒక స్పందనే. అయితే పేరు మారినంత తేలికగా పిల్ఖానా మారదు.

12.6 ఎవరి నగరం, ఎవరి పరువు?

ఇక్కడ మీరు ఒక ప్రశ్న తప్పక వేయాలి. “మా నగరాన్ని అవమానించారు” అన్నవారెవరు? ఎక్కువగా పత్రికలకు రాయగలిగినవారు, సభల్లో మాట్లాడగలిగినవారు. బస్తీలో ఒకే కుళాయి దగ్గర బిందె పెట్టి వరుసలో నిలబడిన స్త్రీకి వర్ణన తప్పా, నీళ్లు రాకపోవడం తప్పా? ఆమెను అడిగినవారు తక్కువ. 1961లో ఏర్పడిన మహానగర ప్రణాళికా సంస్థ, 1970లో ఏర్పడిన అభివృద్ధి సంస్థ బస్తీలను కూల్చకుండా వాటిలోనే నీళ్లు, మరుగుదొడ్లు, దీపాలు, నడవడానికి దారులు కల్పించే పని చేపట్టాయి. అది సాధ్యమైంది క్షీణతను కాదనడం వల్ల కాదు, కొలిచి లెక్కరాయడం వల్ల. పరువు కోసం కొలత మానేస్తే నష్టపోయేది పరువు గురించి మాట్లాడే అవకాశం లేనివారు.

12.7 ఇతర నగరాలు

అమెరికాలోని డెట్రాయిట్ జనాభా 1950లో దాదాపు 18.5 లక్షలు, 2010 నాటికి సుమారు 7.1 లక్షలు. అక్కడివారికి ఎక్కువ కోపం తెప్పించింది ఆ అంకెలు కాదు. శిథిలమైన రైల్వే స్టేషన్‌ను, పాడుపడిన థియేటర్లను అందంగా ఫొటోలు తీసి, వాటిలో మనుషులను చూపకుండా వెళ్లిపోయిన ఫొటోగ్రాఫర్లు. 2011లో న్యూస్‌వీక్ మరణిస్తున్న అమెరికన్ నగరాల జాబితాలో గ్రాండ్ రాపిడ్స్‌ను చేర్చితే, ఆ ఊరివారు దాదాపు 5 వేలమంది వీధుల్లోకి వచ్చి ఒక పాటకు పెదవులు కలుపుతూ వీడియో తీశారు. కలకత్తా పుస్తక ప్రదర్శన వాదన లాంటిదే ఇది: బతికి ఉన్నామని చూపించడం.

12.8 వెళ్లిపోయినవారు

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో రాసిన పుస్తకంలో, క్షీణిస్తున్న సంస్థ పట్ల మనుషులకు రెండు మార్గాలున్నాయన్నాడు: వెళ్లిపోవడం, లేదా గొంతెత్తడం. విధేయత ఉన్నవాడు వెళ్లడం ఆలస్యం చేసి గొంతెత్తుతాడు. కలకత్తా విషయంలో మూడూ ఒకే మనిషిలో కలిసి కనిపిస్తాయి. 2001లో కోల్‌కతాగా పేరు మారిన నగరంలో ఆ ఏడాది జనగణన ప్రకారం 45,72,876 మంది ఉన్నారు, 2011లో 44,96,694. శివార్లతో కలిపిన మహానగరం మాత్రం 1.41 కోట్లకు పెరిగింది. నగరం నడిబొడ్డు పలచబడుతోంది. ఉద్యోగాల కోసం పిల్లలు బెంగళూరుకు, హైదరాబాద్‌కు వచ్చారు. పెద్దవాళ్లు పాత ఇళ్లలో ఉండిపోయారు. హైదరాబాద్‌లో బెంగాలీలు జరిపే దుర్గాపూజ మండపానికి వెళ్లి, కోల్‌కతా పని అయిపోయిందట కదా అని ఒక మాట అని చూడండి. ఇరవై ఏళ్ల క్రితం ఆ నగరాన్ని వదిలి వచ్చినవారే మీతో అందరికంటే గట్టిగా వాదిస్తారు. వాదన అయ్యాక, అక్కడ ఉద్యోగాలు లేవని వారే చెబుతారు.