రక్తంలో ఆమ్లం పెరిగితే?

పెదపాడు ప్రాంతపు చేపల రైతు చెరువు నీటి పి.హెచ్. చూస్తాడు. అది బాగా తగ్గితే సున్నం చల్లుతాడు. పి.హెచ్. 7 కంటె తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం అని మీరు చదువుకున్నారు కదా! చెరువులో ఈ అంకె ఉదయానికీ సాయంత్రానికీ మారుతుంది. మన రక్తంలో మాత్రం అది 7.35కూ 7.45కూ మధ్యనే ఉండాలి.

ఆహారం శక్తిగా మారేటప్పుడు శరీరంలో నిత్యం ఆమ్లాలు పుడతాయి. వాటిని అదుపు చేసేవి మూడు. రక్తంలోని బైకార్బొనేటు ఆమ్లాన్ని వెంటనే తటస్థం చేస్తుంది. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడును నిమిషాలలో బయటికి పంపుతాయి. మూత్రపిండాలు నెమ్మదిగా ఆమ్లాన్ని మూత్రంలోకి నెట్టి, బైకార్బొనేటును తిరిగి నింపుతాయి.

పసిబిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయనుకోండి. నీటితోపాటు బైకార్బొనేటూ పోతుంది. రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. దాన్ని తగ్గించడానికే బిడ్డ వేగంగా, లోతుగా ఊపిరి తీస్తుంది.

అందుకే ఓ.ఆర్.ఎస్. పొట్లంలో ఉప్పు, గ్లూకోజులతోపాటు సిట్రేటు కలుపుతారు. శరీరంలో అది బైకార్బొనేటుగా మారుతుంది. కాచి చల్లార్చిన నీటిని పొట్లం మీద రాసినంతే కొలిచి, పొడి కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. ఆయాసం, మగత కనిపిస్తే మాత్రం క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఈ మాట ఇంట్లో పెద్దలకూ చెప్పండి.